తిండిగింజల అధికారిక అంచనాలు: జలంత్రకోట – టెక్కలి ప్రాంతం

తిండిగింజల అధికారిక అంచనాలు అంటే, జులై నుంచి జూన్ వరకు లెక్కించే వ్యవసాయ సంవత్సరంలో ఎంత గింజ పండుతుంది, విత్తనానికీ దాణాకూ పోగా తినడానికి ఎంత మిగులుతుంది, జనానికి ఎంత కావాలి అని ప్రభుత్వం కట్టి ప్రకటించే లెక్కలు. ఎగుమతులు ఆపాలా, గోదాముల్లోని బియ్యం బయటికి వదలాలా, ధాన్యం కొనుగోలుకు ఎన్ని గోనెసంచులు సిద్ధం చేసుకోవాలి అన్నవి ఈ అంకెలను బట్టే తేలుతాయి. ఊరి పంటల రికార్డు అయిన అడంగల్‌లో రాసిన విస్తీర్ణం, పొలంలో కోసి తూచిన గింజ వీటికి మూలం. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న జలంత్రకోట, పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతం పాత జమీందారీ నేల, ఒడిశా సరిహద్దు, తుపానుల దారి. లెక్క ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ జారుతుందో ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

ఈ లెక్కల అవసరాన్ని బ్రిటిష్ ప్రభుత్వానికి తెలియజెప్పింది 1866 నాటి ఒరిస్సా కరువు. వ్యాపారుల దగ్గర నిల్వలు ఉన్నాయనీ, ధర పెరిగితే గింజ దానంతట అదే బయటికి వస్తుందనీ బెంగాల్ అధికారులు నమ్మారు. నిల్వ ఎంతో ఎవరూ కొలవలేదు. పొరపాటు తెలిసేసరికి వర్షాకాలం వచ్చి ఓడలు ఒడ్డుకు చేరే వీలు లేకపోయింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగంగా ఉన్న ఈ తీరానికీ ఆ కరువు సెగ తగిలింది. తరువాత 1876–78 నాటి దక్షిణాది మహాకరువు వచ్చింది. రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, ప్రతి ప్రావిన్సులో వ్యవసాయ శాఖ ఉండాలనీ, పంటల లెక్కలు క్రమం తప్పకుండా సేకరించాలనీ సూచించింది. 1884లో గోధుమతో పంట అంచనాల ప్రకటన మొదలైంది. వరి, ఇతర పంటలు తరువాత చేరాయి.

ఆ కాలపు పద్ధతి అణావారీ. సాగైన విస్తీర్ణాన్ని ‘సాధారణ దిగుబడి’తో హెచ్చించి, ఈ ఏడు పంట ఎన్నణాలు అన్న కంటి అంచనాతో మళ్లీ హెచ్చించేవారు. మూడు సంఖ్యల్లో కొలిచింది విస్తీర్ణం ఒక్కటే. పదహారణాల పంట అని రాస్తే శిస్తు మినహాయింపుకు దారి మూసుకుపోతుంది కాబట్టి ఊరి లెక్కలు రాసే కరణం కలం ఎప్పుడూ కాస్త తక్కువ వైపే మొగ్గేది. కింది ఉద్యోగుల ఈ నిరాశావాదం గురించి నాటి నివేదికలు పదేపదే ఫిర్యాదు చేశాయి. అయితే ఆ ఉద్యోగి చేతిలో ఉన్న పుస్తకం శిస్తు పుస్తకమన్న సంగతిని మాత్రం తక్కువ పట్టించుకున్నాయి.

జమీందారీల్లో విస్తీర్ణం కూడా నమ్మకమైనది కాదు. జలంత్ర, మందస, తర్లా, టెక్కలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల నుంచి ప్రభుత్వానికి రావలసిన పేష్కషు 1802 తరువాతి శాశ్వత పైసలాతో స్థిరపడిపోయింది. ఏ మడిలో ఏం పండిందో తెలుసుకోవలసిన పని సర్కారుకు లేకపోయింది. సంస్థానాల కరణాల విధులను 1802 నాటి 29వ రెగ్యులేషన్ నిర్దేశించింది, 1894 నాటి గ్రామోద్యోగుల చట్టం వారిని మరికొంత ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది. అయినా రైత్వారీ ఊళ్లలో ఉన్నంత వివరమైన అడంగల్ ఇక్కడ నిలకడగా రాలేదు. జిల్లా పట్టికల్లో ఈ ప్రాంతపు వరి విస్తీర్ణం చాలాకాలం ఉజ్జాయింపు లెక్కే.

దిగుబడిని కంటితో కాక తూకంతో తేల్చే మార్గం పక్క రాష్ట్రం నుంచి మొదలైంది. ఐసీఎస్ అధికారి జె.ఎ. హబ్బాక్ 1923–25 మధ్య బిహార్–ఒరిస్సాలో, ఎకరంలో 3200వ వంతు ఉండే త్రికోణపు చట్రాలను యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల వేసి వరి కోయించి తూయించాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు తొలి గవర్నరు ఆయనే. గంజాం రెండుగా చీలి, టెక్కలి, సోంపేట వైపు తెలుగు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది కూడా ఆ రోజే. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. హబ్బాక్ బాటను బెంగాల్‌లో పి.సి. మహలనోబిస్, ఢిల్లీలో పి.వి. సుఖాత్మే, వి.జి. పన్సే ముందుకు తీసుకెళ్లారు. కోత చదరం ఎంత ఉండాలన్న దానిపై మహలనోబిస్, సుఖాత్మేల మధ్య గట్టి వాదమే నడిచింది. చిన్న చదరంలో అంచు మీది దుబ్బులు లోపలికి కలిసిపోయి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని సుఖాత్మే చూపించాడు. ప్రభుత్వ సర్వేల్లో పెద్ద చదరమే నిలిచింది.

ఇప్పుడు వరికి ఆ చదరం 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. పంట కోత ప్రయోగం అని పిలిచే ఈ పనికి ముందుగా ఊళ్లను, తరువాత అడంగల్‌లోని సర్వే నంబర్లను యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుతారు. పొలం నైరుతి మూల నుంచి పట్టికలో చెప్పినన్ని అడుగులు నడిచి మేకు కొడతారు. మిగతా మూడు మూలలు కొలిచి తాడు కడతారు. వేరు తాడు లోపల ఉన్న దుబ్బే లెక్కలోకి వస్తుంది, వెన్ను ఎటు వాలినా సరే. కోసి, నూర్చి, తూర్పారబట్టి తూస్తారు. కొంత గింజను ఆరబెట్టి, తేమ పోయాక మిగిలే బరువు చూస్తారు. 25 చదరపు మీటర్లు హెక్టారులో 400వ వంతు కాబట్టి, త్రాసు మీద 100 గ్రాములు తేడా వస్తే హెక్టారుకు 40 కిలోలు తేడా వస్తుంది. మంచి చెక్క చూసి చదరం వేయమని రైతు అడగడం, గట్టు పక్కన బురద తక్కువగా ఉన్న చోట పని ముగించాలని సిబ్బందికి అనిపించడం సహజం. నైరుతి మూల నియమం ఆ ఇద్దరి కోసమే పుట్టింది.

స్వాతంత్ర్యం తరువాత 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ ఊళ్లను రైత్వారీలోకి మార్చింది. సర్వే, సెటిల్‌మెంటు జరిగాక జలంత్ర, మందస ఊళ్లకూ పూర్తి అడంగల్ వచ్చింది. సరిహద్దు పట్టణం ఇచ్ఛాపురం దాటితే పద్ధతి వేరు. ఊరివారీ రెవెన్యూ లెక్క లేని కేరళ, పశ్చిమ బెంగాల్, ఒడిశాల్లో 1970ల నడుమ నుంచి నమూనా ఊళ్లలో మాత్రమే విస్తీర్ణం లెక్కిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అన్ని ఊళ్లకూ అడంగల్ ఉంది. అన్నింటినీ సకాలంలో కూడడం సాధ్యం కాక, 1968–69లో మొదలైన పథకం కింద ఏటా ఐదోవంతు ఊళ్లను ముందుగా ఎంచి, వాటి లెక్కతో తొలి అంచనా కడతారు. 1973–74 నుంచి జాతీయ నమూనా సర్వే సంస్థ, రాష్ట్ర సిబ్బంది కలిసి దేశంలో సుమారు 10,000 ఊళ్లలో అడంగల్ రాతలను, 30,000 కోత ప్రయోగాలను తనిఖీ చేస్తూ వచ్చారు. కరణం పొలానికి చేరకముందే ఎక్కిన అంకెలు, పాత ఏడాదివే మళ్లీ రాసిన పంటలు ఈ తనిఖీల్లో తరచు బయటపడేవి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోయింది గానీ, ఏ పొలం ఎవరిదో నోటికి చెప్పగల మనిషి కూడా పోయాడు. గ్రామోద్యోగాల పేర్లు ఆ తరువాత పలుమార్లు మారాయి.

జిల్లా లెక్కలు అర్థ గణాంక శాఖ ద్వారా రాష్ట్ర స్థాయికి, అక్కడి నుంచి ఢిల్లీలోని వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఆర్థిక, గణాంక డైరెక్టరేట్‌కు చేరతాయి. అక్కడ వాన లెక్కలతోనూ, 2012లో నెలకొల్పిన మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం ఉపగ్రహ చిత్రాలతోనూ సరిచూసి, అవసరమైతే రాష్ట్రం పంపిన అంకెను సవరిస్తారు. కోతలు పూర్తికాకముందే తొలి ముందస్తు అంచనా వెలువడుతుంది. తరువాతివి సవరణలు.

సవరణ ఎందుకో ఉద్దానానికి వేరే చెప్పనక్కరలేదు. 2018లో ఖరీఫ్ తొలి అంచనా, 14.16 కోట్ల టన్నుల తిండిగింజలు, సెప్టెంబరు 26న వెలువడింది. సరిగ్గా 15 రోజులకు, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దేశపు అంకెలో ఈ తీరం నష్టం దశాంశాల్లో కలిసిపోతుంది. పైగా ఉద్దానంలో కూలినవాటిలో ఎక్కువ కొబ్బరి, జీడి మామిడి చెట్లు. తిండిగింజల పట్టికలో వాటికి గడే లేదు, అవి ఉద్యాన శాఖ లెక్క. పరిహారానికి 33 శాతం నష్టం దాటిందా లేదా అన్న పంట నష్టం నమోదు మరో లెక్క. ఒకే పొలానికి మూడు శాఖలు మూడు అంకెలు రాయడం ఇక్కడ మామూలు సంగతి.

గిరాకీ వైపు లెక్క ఇంకా పలచన. మొత్తం దిగుబడిలో 12.5 శాతాన్ని విత్తనం, దాణా, వృథా కింద తీసేసి, దిగుమతులు కలిపి, ఎగుమతులూ ప్రభుత్వ నిల్వల్లో మార్పూ సర్దగా మిగిలినదాన్ని ‘తలసరి లభ్యత’ అంటారు. ఇది 1951లో రోజుకు 394.9 గ్రాములు, 1991లో 510.1 గ్రాములు. ఇది తిన్న తిండి కాదు, లెక్కలో మిగిలిన శేషం. రైతు గాదెలో, మిల్లరు దగ్గర ఉన్న నిల్వ ఇందులోకి రాదు. జనం నిజంగా ఏం తింటున్నారో చెప్పేది ఇంటింటి వినియోగ సర్వే. 2017–18 సర్వే ఫలితాలను నాణ్యత లోపాల పేరుతో ప్రభుత్వం ప్రకటించలేదు. దాంతో 2022–23 సర్వే వచ్చేదాకా గిరాకీ అంచనాలకు 2011–12 లెక్కలే ఆధారమయ్యాయి.

ఇలాంటి అంచనాల ప్రకటనకు సంబంధించిన కట్టుబాట్లు అమెరికాలో కుంభకోణం తరువాత పుట్టాయి. 1905లో పత్తి అంచనాను ఒక ఉద్యోగి ముందే దళారులకు చేరవేశాడని తేలాక, తలుపులు మూసిన గదిలో లెక్క తేల్చి, నిర్ణీత గడియకే విడుదల చేసే పద్ధతి వచ్చింది. 1972లో సోవియట్ యూనియన్ గుట్టుచప్పుడు కాకుండా భారీగా గింజ కొనేసిన మరుసటి ఏడాది, ప్రపంచ సరఫరా–గిరాకీ నెలవారీ నివేదిక అక్కడే మొదలైంది. భారతదేశంలో అలాంటి మూసిన గది లేదు. పంట పెంచే బాధ్యత, పంట లెక్క ప్రకటించే బాధ్యత ఒకే మంత్రిత్వ శాఖవి. 2022 ఫిబ్రవరిలో గోధుమ అంచనా 11.13 కోట్ల టన్నులు. మార్చి ఎండలకు గింజ తాలైంది. మే 13న ఎగుమతులు ఆపేశారు, 10.64 కోట్లకు తగ్గించిన అంచనా ఆ తరువాత వెలువడింది.

ఊరి స్థాయిలో ఒత్తిళ్లు ఎదురెదురుగా ఉంటాయి. అదే కోత ప్రయోగం పంటల బీమాకు ఆధారమైతే దిగుబడి తక్కువ పడాలని రైతు కోరుకుంటాడు, బీమా సంస్థ ఎక్కువ పడాలంటుంది. ధాన్యం కొనుగోలు లక్ష్యం పెరగాలంటే రైతుకూ ఎక్కువ అంకే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలు, బీమా, పరిహారం మూడూ ఇప్పుడు ఈ-పంట నమోదుతో ముడిపడ్డాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక గ్రామ వ్యవసాయ సహాయకులు పొలానికి వెళ్లి ఫోటోతో సహా పంట నమోదు చేస్తున్నారు. కౌలు రైతు పేరు నమోదు కాకపోవడం ఇందులో తరచు వినిపించే ఫిర్యాదు. 2023లో కేంద్రం కోత ప్రయోగాల వివరాలనూ మొబైల్ యాప్‌లో, పొలం ఉన్న చోటి నుంచే పంపే పద్ధతి తెచ్చింది. చదరం మాత్రం ఇప్పటికీ మేకులు, తాడుతోనే వేస్తారు.