దులీప్ సింగ్
దులీప్ సింగ్ (1838–1893): సిక్కు సామ్రాజ్యపు చివరి మహారాజు. రంజిత్ సింగ్ చిన్న కొడుకు. లాహోర్‌లో పుట్టి, 1843లో ఐదేళ్ల వయసులో గద్దెనెక్కాడు. తల్లి జింద్ కౌర్ రాజప్రతినిధిగా పాలన నడిపింది. మొదటి సిక్కు యుద్ధంలో ఓటమి తర్వాత ఆంగ్లేయులు ఆమెను కొడుకు నుంచి వేరుచేశారు. 1849 మార్చి 29న పంజాబ్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. కోహినూర్ వజ్రాన్ని విక్టోరియా రాణికి సమర్పించాలన్న షరతుపై పదేళ్ల పిల్లవాడి చేత సంతకం చేయించారు. దాన్ని ఒప్పందం అనడం ఎబ్బెట్టే. 1853లో క్రైస్తవం పుచ్చుకుని, మరుసటి ఏడు ఇంగ్లండు చేరాడు. తల్లిని మళ్లీ చూసింది 1861లో, కలకత్తాలో. తనకిచ్చే భరణం విషయంలో బ్రిటిష్ ప్రభుత్వంతో చెడి, 1886లో స్వదేశానికి బయలుదేరితే ఏడెన్‌లో అడ్డుకున్నారు. అక్కడే తిరిగి సిక్కు మతం స్వీకరించాడు. పారిస్‌లో మరణించాడు, సమాధి ఇంగ్లండులోని ఎల్వెడెన్‌లో ఉంది.