ఎందరు ఆడవాళ్లుంటే ఒక ఉయ్యాల?

నాట్లకూ కలుపులకూ వెళ్లే తల్లి పసిబిడ్డను ఎక్కడ ఉంచుతుంది? తెలుగునాట ఈ ప్రశ్నకు చాలాకాలంగా నాలుగే జవాబులు. గట్టు మీది చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి పడుకోబెడుతుంది. ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమెకు అప్పగిస్తుంది. లేదంటే ఎనిమిదేళ్ల పెద్దపిల్ల చంకకెక్కిస్తుంది. ఇవేవీ కుదరకపోతే తానే పని మానేస్తుంది. వీటిలో ఏదో ఒకటి ఆమె ఎంచుకుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఆచారమనీ, అలవాటనీ, తెలియనితనమనీ కారణాలు కూడా చెబుతాం. కానీ గత నూరేళ్లలో మన దేశంలో పిల్లల సంరక్షణ కోసం వచ్చిన చట్టాలను వరుసగా చదివితే వేరే సంగతి తెలుస్తుంది. ఎందరు ఆడవాళ్లు పనిచేసేచోట పిల్లలకు ఒక గది ఉండాలో చట్టం ముందే ఒక అంకె వేసి పెట్టింది. ఆ అంకెలో పడ్డవాళ్లకు కాగితం మీదైనా కొత్త దారి ఒకటి దొరికింది. పడనివాళ్లకు పాత నాలుగే మిగిలాయి. కూలి తల్లుల నిర్ణయాలను ఆ అంకె నడిపినంతగా ఆచారం నడపలేదన్నది నా వాదన.

బొంబాయి నూలు మిల్లులతో మొదలుపెడదాం. 1920లలో ఫ్యాక్టరీలో రోజుకు 11 గంటల పనిని చట్టమే ఒప్పుకుంది. మిల్లుకు వెళ్లే తల్లులు చంటిబిడ్డకు నల్లమందు గోళీ వేసి నిద్రపుచ్చడం అప్పట్లో మామూలు. ఆ గోళీకి బాలగోళీ అని ముద్దుపేరు కూడా ఉండేది. 1929లో ఏర్పడి 1931లో కార్మికుల స్థితిగతులపై నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ ముందుకు కూడా ఈ సంగతి వచ్చింది. చదువుకున్నవాళ్లు చాలామంది దీన్ని తల్లుల అజ్ఞానంగానే చూశారు. ఆ మాట నిలవదు. ఆకలేసినా ఏడవకుండా 11 గంటలు పడుకోగల పసిబిడ్డ ఎక్కడా లేడు. పాలిచ్చి రావడానికి మిల్లు గేటు తెరుచుకోదు. మనిషిని పెట్టుకోవడానికి కూలి చాలదు. పని గంటలు అన్ని ఉన్నంతకాలం ఆ గోళీకి గిరాకీ ఉంటుంది. కొన్ని మిల్లులు పిల్లలను చూసుకునే గదులు, అంటే క్రెష్‌లు తెరిచినా తల్లులు వాటిని పెద్దగా వాడుకోలేదన్నది ఇంకో అభ్యంతరం. తెల్లవారకముందే బిడ్డను నిద్రలేపి, మిల్లుదాకా ఎత్తుకెళ్లి, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టాలంటే ఏ తల్లయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. దూరం, నమ్మకం, వేళ కుదరని గది తలుపు తెరిచి ఉన్నా మూసినట్టే లెక్క.

ఇక అంకెల సంగతి. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీల్లో పిల్లలకు గది ఉండాలని నియమాలు చేసే అధికారాన్ని 1934 ఫ్యాక్టరీల చట్టం అప్పటి ప్రావిన్సుల ప్రభుత్వాలకు ఇచ్చింది. 1948 చట్టం అదే అంకెతో ఆ గదిని తప్పనిసరి చేసింది. 1976 సవరణ దాన్ని 30కి దించింది. 1951 తోటకూలీల చట్టం, 1966 బీడీ కార్మికుల చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం మూడూ మొదట 50నే పట్టుకున్నాయి. ఈ చట్టాలు చేసినవాళ్ల మంచితనాన్ని నేను శంకించడం లేదు. లోపం లెక్క వేసిన తీరులో ఉంది. గది పిల్లలకోసమైనా లెక్క మొదలైంది తల్లులతో. తండ్రి అదే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా అతని బిడ్డ ఆ లెక్కలోకి రాలేదు. దాంతో బిడ్డ ఖర్చు ఆడమనిషిని పనిలో పెట్టుకునే ఖర్చుగా మారింది. హాజరు పుస్తకం యజమాని చేతిలో ఉంటుంది. అందులో పేర్లు 50 దగ్గర ఆపడం అతనికి కష్టమేమీ కాదు.

బీడీ పరిశ్రమలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1966 చట్టాన్ని కేరళ అమలు చేయబోగా 1968లో కన్నూరు ప్రాంతంలో ఒక పెద్ద బీడీ కంపెనీ తన కార్ఖానాలను మూసేసింది. వేలమంది పని పోయింది. యజమానులకు మరో దారీ ఉంది: ఇంటికి ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు చుట్టించుకుంటే గది కట్టక్కర్లేదు, హాజరు రాయక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లూ, మగ్గాల పని వెతుక్కుంటూ షోలాపూర్ చేరిన తెలుగు పద్మశాలి కుటుంబాల్లోని బీడీ కార్మికులూ ఎక్కువగా ఈ ఇంటిపనిలోనే ఉండిపోయారు. ఇల్లు కదలకుండా బిడ్డను కనిపెట్టుకునే వీలుంటుంది కాబట్టి ఆ పనిని వాళ్లే ఇష్టపడ్డారని అంటారు. అందులో కొంత నిజముంది. బయట బిడ్డకు చోటు లేనప్పుడు ఇంటిపనే తెలివైన ఎంపిక. అయితే కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ చేయి ఆగుతుంది, ఆగిన చేతికి కూలి లేదు. ఆ కొరత తీర్చడానికి ఆకు కత్తిరించేది, దారం కట్టేది పెద్దపిల్లే. తంబాకు ధూళి చిన్నవాడి ఊపిరిలోకీ వెళుతుంది. సంరక్షణ ఖర్చు ఎక్కడికీ పోలేదు, కంపెనీ పద్దులోంచి గుడిసెలోకి మారింది.

వలస వెళ్లినవాళ్లది ఇంకో రకం చిక్కు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టిపని చేసిన పాలమూరు కూలీలకు రెండే దారులు. బిడ్డను ఇసుకకుప్పల మధ్యకు వెంట తీసుకుపోవడం, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలిపోవడం. అలాంటి పనిచోటే ఒక కొత్త ప్రయత్నానికి కారణమైంది. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతికి జరుగుతున్న నిర్మాణాల్లో కూలీల పిల్లల స్థితి చూసి మీరా మహదేవన్ ఒక డేరాలో క్రెష్ మొదలుపెట్టారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. పని ఎక్కడికి కదిలితే పిల్లల గది అక్కడికి కదలాలన్నది దాని సూత్రం. పనిచోటికి దగ్గరగా, పని వేళలకు సరిపోయేలా ఉంటే కూలి తల్లులు బిడ్డలను అప్పగిస్తారని అది రుజువు చేసింది.

మనకు అమ్మమ్మలూ నానమ్మలూ ఉన్నారు కదా, ఈ గదులన్నీ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఉద్యోగుల ఇళ్లలో ఆ మాట చెల్లవచ్చు. కూలి ఇంట్లో నానమ్మ కూడా కూలికి పోయే మనిషే. ఆమె బిడ్డ దగ్గర కూర్చుంటే ఇంటికి ఒక కూలి తగ్గుతుంది. అందుకే చివరికి ఆ బరువు కూలి లేని మనిషి మీద పడింది. ఆ మనిషి బడికి వెళ్లవలసిన ఆడపిల్ల. తమ్ముణ్ని ఎత్తుకుని తిరిగే పిల్లను ప్రభుత్వ లెక్కలు బాలకార్మికురాలిగా చూడలేదు, ఎందుకంటే ఆమెకు కూలి ఇచ్చేవాళ్లు లేరు. 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ ఈ లెక్కనే ప్రశ్నించింది. బడిబయట ఉన్న పిల్లలంతా బాలకార్మికులేనని, ఇంటిచాకిరీ కూడా పనేనని వాదించింది. పేద తల్లిదండ్రులకు చదువంటే గిట్టదన్న మాటను ఆ పల్లెలే అబద్ధం చేశాయి. బడి అందుబాటులోకి వచ్చి, పిల్లలను పిలుచుకెళ్లే మనుషులుంటే వాళ్లు పంపారు.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) అంగన్‌వాడీలను దేశమంతటికీ తెచ్చింది. దానితో సమస్య తీరలేదా అంటే, సగమే తీరింది. అది ప్రధానంగా పోషకాహారం, టీకాలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ఆటపాటల కోసం ఏర్పడ్డ పథకం. మూడేళ్లలోపు బిడ్డకు అక్కడ ఇచ్చేది ఇంటికి పట్టుకుపోయే ఆహారం, పగలంతా ఉండే చోటు కాదు. ఒక టీచరు, ఒక ఆయా ఉన్న గదిలో చంటిపిల్లలను చూసుకునే చేతులు కూడా లేవు. తల్లికి అన్నిటికన్నా కష్టమైన వయసునే పథకం బయట వదిలేసింది. 2005 ఉపాధి హామీ చట్టం తల్లులను వదిలి పిల్లలను లెక్కపెట్టింది. పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వస్తే, కూలీల్లో ఒకామెకు అదే కూలి ఇచ్చి వాళ్లను చూసుకోమనాలని అది చెప్పింది. మంచి లెక్కే, కానీ మెలిక ఉంది. చూసేవాళ్లు ఉండరని తల్లి బిడ్డను తీసుకురాదు. బిడ్డలు రాలేదు కాబట్టి చూసే మనిషి అక్కర్లేదని పని చూసే మేట్ రాసుకుంటాడు.

ఇంతమందికి క్రెష్‌లు పెట్టాలని ఏ అంకే లేకుండా చట్టం రాయలేమన్నది చివరి అభ్యంతరం. గనుల క్రెష్ నియమాలు ఏనాడో దీనికి జవాబు చెప్పాయి. ఆడవాళ్లు పనిచేసే గని ఏదైనా సరే క్రెష్ ఉండాలన్నాయి, కనీస సంఖ్య పెట్టలేదు. అంకె లేకుండా చట్టం రాయలేమన్న మాట కాబట్టి నిజం కాదు. అంకె తప్పదనుకుంటే దాన్ని ఎవరు లెక్కపెట్టాలన్నది అసలు ప్రశ్న. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని వాడ ఏదైనా అడిగితే, మూడు నెలల్లో కేంద్రం తెరవాలని ఆదేశించింది. లెక్కపెట్టే పని యజమాని హాజరు పుస్తకం నుంచి వాడ జనం చేతికి వచ్చింది. ఆ హక్కును మూడేళ్లలోపు బిడ్డకూ, కూలి వేళలకూ, ఊరు మారే కుటుంబానికీ విస్తరించడమే మిగిలిన పని. ఒక వాడలో నలభై మంది పిల్లలను లెక్కపెట్టేటప్పుడు, వాళ్లను ఎత్తుకుని నిలబడ్డ అక్కలను కూడా లెక్కపెట్టాలి. చంకలోని బిడ్డకు చోటు చూపిన రోజే ఆ అక్కలకు బడి దొరుకుతుంది.