కన్నీటికి దారి

కంట్లో చుక్కల మందు వేయించుకున్న కాసేపటికి గొంతులో చేదు తగలడం మీలో చాలామందికి అనుభవమే. మందు కంట్లో వేస్తే నాలుకకెలా తెలిసిందని మాత్రం మనం అడగం. ఏడుపు వస్తే ముక్కూ కారుతుంది. కళ్ళూ ముక్కూ కలిపే కొంగుతో తుడుచుకుంటాం. కంటికీ ముక్కుకీ మధ్య ఒక దారి ఉందని శరీరం ఇలా రోజూ చెబుతూనే ఉంది. కాని ఆ దారి సంగతి వైద్యులకు సరిగ్గా బోధపడటానికి వేల ఏళ్ళు పట్టింది. బోధపడనంతకాలం కన్ను కారే జబ్బుకు చేసిన వైద్యమల్లా కత్తీ, కాల్చిన ఇనుమూనూ. ఆ కథే ఈవేళ చెప్పుకుందాం. ఇది ముఖ్యంగా మనం చెప్పుకోవలసిన కథ. పెద్ద వయసులో కన్నీటి దారి మూసుకుపోవడం, రెప్ప వెంట్రుకలు లోపలికి మళ్ళి గుచ్చుకోవడం, కన్ను ఎండిపోవడం, ఈ మూడూ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. మనమేమో పొయ్యి పొగ అనో, వయసు మీద పడిందనో అనుకుని ఊరుకుంటాం.

ముందు ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం. కనుబొమ కింద, బయటి కొసవైపు, ఎముక చాటున బాదంపప్పంత గ్రంథి ఒకటుంది. కన్నీరు ప్రధానంగా అక్కడ ఊరుతుంది. రెప్పపాటుతో కంటిమీద పరుచుకుని, ముక్కువైపు కొలికికి చేరుతుంది. అద్దం ముందు నిలబడి కింది రెప్పను కాస్త బయటికి లాగి చూడండి. కొలికి దగ్గర, రెప్ప అంచున సూదిమొనతో పొడిచినట్టు చిన్న రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకూ అలాంటిదే ఉంది. ఆ రెండు రంధ్రాల్లోంచి సన్నటి గొట్టాల ద్వారా నీరు కన్నీటి సంచిలోకి, అక్కడినుంచి ఎముకలో ఉన్న కాలువగుండా ముక్కులోకి దిగుతుంది. పెరట్లో తూము పూడిపోతే నీళ్ళు వాకిట్లోకి పొంగినట్టే, ఆ కాలువ మూసుకుపోతే కన్నీరు చెంపమీదికి కారుతుంది. సంచిలో నిలవున్న నీరు చీము పడుతుంది. కొలికి దగ్గర ఉబ్బుతుంది, వేలితో నొక్కితే ఆ రంధ్రంలోంచి పుసి పైకి వస్తుంది. ఒక్కోసారి అది చర్మాన్ని చీల్చుకుని పుండై, మానకుండా కారుతూ ఉంటుంది.

క్రీ.పూ. 1750 ప్రాంతంలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి రాతిమీద చెక్కించిన శాసనాల్లో కంటి వైద్యుడి ప్రస్తావన ఉంది. కంచు కత్తితో కంటి దగ్గరి ఉబ్బు తెరిచి కన్ను నిలబెడితే పది షెకెళ్ళ వెండి ఇవ్వాలి. రోగి చనిపోయినా, కన్ను పోయినా వైద్యుడి చేతులు నరికేయాలి. ఆ ఉబ్బు కన్నీటి సంచిదే అయి ఉంటుందని కొందరు చరిత్రకారుల ఊహ. అదే రోగి బానిస అయితే ఫీజు రెండు షెకెళ్ళు, కన్ను పోతే అతని ఖరీదులో సగం యజమానికి కట్టాలి. చేతులకేమీ భయం లేదు. ఎవరి కంటికి ఎంత విలువో ఆనాడే లెక్క కట్టేశారన్నమాట!

మన సుశ్రుతుడు కంటి జబ్బుల్ని 76గా లెక్కపెట్టాడు. అందులో 21 ఒక్క రెప్పలవే, మరో 9 కంటి సంధులవి. కొలికి దగ్గర వాచి చీము పట్టడాన్ని పూయాలసం అన్నాడు. దానికి రక్తం తీయించి, మందు కట్టు కట్టమన్నాడు. రోమ్‌లో, క్రీ.శ. ఒకటో శతాబ్దంలో సెల్సస్ చెప్పిన వైద్యం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. పుండు అంచును కొక్కెంతో పైకి లాగి, ఎముక దాకా కోసి, కాల్చిన ఇనుముతో ఎముకకు వాత పెట్టడం. మత్తుమందు లేని రోజులండీ అవి. తూము ఎక్కడ పూడిందో తెలియక గోడ పడగొట్టడం లాంటిదిది. కాని ఆ వైద్యం రకరకాల రూపాల్లో వందల ఏళ్ళు సాగింది.

కన్నీరు మెదడులోంచి దిగుతుందని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసినవాడు డెన్మార్కుకు చెందిన స్టెనో. 1662లో, తన ఇరవై నాలుగో ఏట, జంతువుల తలలు కోసి పరీక్షించి కంటి గ్రంథుల గురించి పుస్తకం వేశాడు. గ్రంథిలోంచి కంటిలోకి దిగే సన్నని నాళాల్ని చూపించి, కన్నీరు కంటిని తడిగా ఉంచడానికే ఊరుతుందన్నాడు. హృదయం కరిగి కన్నీరవుతుందనే కవులకు ఆ మాట నచ్చి ఉండదు లెండి.

ఊట తెలిసింది, దారి తెలిసింది. ఇక పూడిక తీయడమే. ఆ పని చేసినవాడు దొమినిక్ అనెల్ అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు. పంది వెంట్రుకంత సన్నని శలాకను రెప్ప అంచున ఉన్న రంధ్రంలోంచి పంపి, అతి సన్నని మూతి ఉన్న సిరంజితో మందునీళ్ళు ఎక్కించాడు. 1713లో ఇటలీలోని ట్యురిన్‌లో ఈ పద్ధతి మీద పుస్తకం అచ్చువేశాడు. అతని చేత వైద్యం చేయించుకున్నవారిలో సవాయ్ రాజమాత కూడా ఉంది. కోత లేదు, వాత లేదు. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ పరీక్ష ఇంకా మన మధ్యనే ఉంది. కంటి డాక్టరు కొలికి దగ్గర ఉప్పునీళ్ళు ఎక్కించి, "గొంతులో ఉప్పగా తగిలిందా అమ్మా?" అని అడుగుతారు చూడండి, అది అనెల్ చూపించిన దారే.

శుక్లం ఆపరేషనుకు వెళ్ళిన పెద్దవాళ్ళకు ముందుగా ఈ పరీక్ష చేయడం మన దేశంలో అలవాటు. నీళ్ళు దిగక చీము తిరిగి వస్తే శుక్లం ఆపరేషను వాయిదా వేస్తారు. "కన్ను చూపించుకోడానికి వస్తే ముక్కుకు వైద్యమంటారేమిటి" అని విసుక్కుని ఇంటికి వచ్చేసేవాళ్ళు ఉన్నారు. అది చాలా ప్రమాదం. సంచిలో చీముండగా కన్ను తెరిస్తే ఆ క్రిములు కంటి లోపలికి పోయి, కన్నే పోవచ్చు.

మూసుకుపోయిన కాలువ పెద్దవాళ్ళలో నీళ్ళు ఎక్కిస్తే శాశ్వతంగా తెరుచుకోదు. 1850లలో లండనులో బౌమన్ శలాకలతో వెడల్పు చేసి చూశాడు, కాని మళ్ళీ మళ్ళీ మూసుకునేది. మరో ఉపాయం, సంచినే తీసేయడం. చీము బెడద పోతుంది గాని, దారే లేదు కనక కన్ను జీవితాంతం కారుతూనే ఉంటుంది. 1904లో ఫ్లోరెన్స్‌లో టోటి అనే వైద్యుడు వేరే రకంగా ఆలోచించాడు. పాత కాలువతో పెనుగులాడటం ఎందుకు, సంచికీ ముక్కుకీ మధ్య ఉన్న పల్చటి ఎముకలో చిన్న కిటికీ కొడితే సరిపోదా? ఫ్రాన్సులో డుప్యుయి-డ్యుతాం, బూర్గే అనే ఇద్దరు 1921లో సంచి పొరనూ ముక్కు పొరనూ కలిపి కుట్టి ఆ కిటికీ మూసుకోకుండా చేశారు. ఈనాడు డాక్టర్లు డి.సి.ఆర్. అనే ఆపరేషను ఇదే. 1980ల చివరినుంచి ముఖంమీద గాటు లేకుండా ముక్కులోంచే దుర్బిణి గొట్టంతో కూడా చేస్తున్నారు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి దారుల జబ్బులకే ప్రత్యేకంగా ఒక విభాగం ఏర్పడింది.

సంచి తీసేసే ఆపరేషను ఇంకా పోలేదు. కొందరు ముసలివాళ్ళకు, కన్ను బాగా ఎండిపోయినవాళ్ళకు అదే మేలు కావచ్చు. అది డాక్టరు తేల్చాలి. కాని "పెద్దావిడ కదా, ఇది చాల్లే" అని ఇంట్లో వాళ్ళు తేల్చేయడం నాకు నచ్చదు. అరవై ఏళ్ళ మనిషికి ఇంకా ఎన్నేళ్ళు చెంప తుడుచుకుంటూ గడపాలో ఆలోచించండి. రెండు ఆపరేషన్లకూ తేడా ఏమిటో ఆవిడకే చెప్పించండి.

చంటిపిల్లల సంగతి వేరు. కొందరికి పుట్టినప్పుడు కాలువ అడుగున పల్చటి పొర అడ్డుగా ఉండిపోతుంది. కన్ను కారుతుంది, నిద్రలేచేసరికి రెప్పలు పుసితో అతుక్కుంటాయి. నూటికి తొంభైమందికి ఏడాది లోపల దానంతటదే తెరుచుకుంటుంది. అమెరికా వైద్యుడు క్రిగ్లర్ 1923లో దానికి సాయపడే మర్దన చెప్పాడు. గోరు తీసేసి, చేయి శుభ్రంగా కడుక్కుని, కొలికి దగ్గర సంచిమీద వేలు ఆనించి, ముక్కు పక్కనుంచి కిందికి నొక్కుతూ జరపాలి. రోజుకు రెండు మూడు విడతలు, విడతకు అయిదారుసార్లు. మొదటిసారి డాక్టరు దగ్గరో నర్సు దగ్గరో చూసి నేర్చుకోండి. చనుబాలు పిండటం, ఆముదం వేయడం వద్దు. కొలికి ఎర్రగానో నీలంగానో వాచినా, జ్వరం వచ్చినా మర్దన మానేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకొక్క మాట. బిడ్డ వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగానో మసకగానో ఉన్నా, అది కన్నీటి దారి జబ్బు కాకపోవచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు కావచ్చు. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

రెప్పల విషయానికొద్దాం. రెప్ప అంచు వెంట వరసగా చిన్న చిన్న నూనె గ్రంథులున్నాయి. 1666లో జర్మనీలో మైబోమ్ అనే ఆచార్యుడు వాటిని వివరంగా వర్ణించాడు. ఆ నూనె పొర వల్లే కన్నీరు తొందరగా ఆరిపోదు. రెప్ప అంచున ఉన్న గ్రంథికి చీము పడితే కంటికురుపు. నూనె గ్రంథి మూసుకుపోయి, నొప్పి లేకుండా బఠాణీగింజలా గట్టిపడితే కెలేజియన్ అంటారు. సుశ్రుతుడు కంటికురుపును అంజననామిక అన్నాడు, దానికి కాపడం పెట్టమన్నాడు. ఇప్పటికీ మొదటి వైద్యం అదే! శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. చిదమకూడదు. ఒకరి కాటుక భరిణె ఇంకొకరు వాడకూడదు. సుర్మాలో సీసం ఉండవచ్చు కనక పిల్లలకు అసలే పెట్టకూడదు. పెద్ద వయసులో అదే చోట గడ్డ మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అక్కడ రెప్ప వెంట్రుకలు రాలిపోతుంటే, ముక్క తీసి పరీక్ష చేయించాలి. నూనె గ్రంథులకు వచ్చే ఒక రకం కాన్సరు అచ్చం ఇలాగే మోసం చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ కళ్ళను తీసినది మాత్రం ట్రాకోమా. రెప్ప లోపలివైపు ఎర్రగా గింజలు కడుతుంది. సుశ్రుతుడు ఆవగింజల్లా ఉంటాయన్న పోథకి ఇదేనని చాలామంది అభిప్రాయం. చిన్నతనంలో పదేపదే అంటుకుంటే, కొన్నేళ్ళకు ఆ గాయాలు మచ్చకట్టి, రెప్ప లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు నల్లగుడ్డును గీస్తాయి. రెప్ప వేసిన ప్రతిసారీ గీతే. క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు వైద్య గ్రంథంలో ఆ వెంట్రుకలు పీకి, మళ్ళీ మొలవకుండా గబ్బిలం రక్తం పూయమని ఉంది. సుశ్రుతుడు ఇంకా చాలా ముందున్నాడు. కనుబొమకూ రెప్ప వెంట్రుకలకూ మధ్య యవధాన్యం ఆకారంలో చర్మం తీసేసి, వెంట్రుకతో కుట్టి, తేనే నెయ్యీ రాసి, నుదుటికి పట్టీ కట్టి ఆ కుట్టు కొసల్ని దానికి బిగించమన్నాడు. లోపలికి మళ్ళిన రెప్ప అంచును బయటికి తిప్పడమన్నమాట. ఈనాటి ఆపరేషన్ల పద్ధతి వేరైనా ఉద్దేశం అదే.

20వ శతాబ్దం తొలి రోజుల్లో న్యూయార్క్ రేవులో, ఎల్లిస్ దీవిలో, ఓడ దిగినవాళ్ళ రెప్పల్ని డాక్టర్లు తిరగేసి చూసేవారు. కొందరు అందుకు బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెం వాడేవారు. ట్రాకోమా ఉంటే వచ్చిన దారినే వెనక్కి పంపేవారు. ఆ గింజలకు కారణమైన క్రిమిని 1950లలో చైనాలో టాంగ్ ఫెయ్‌ఫాన్ బృందం కోడిగుడ్డు పచ్చసొనలో పెంచి పట్టుకుంది. మన దేశంలో పంజాబు, రాజస్థాన్, గుజరాత్ వంటి పొడి నేలల్లో ఇది విపరీతంగా ఉండేది. 1963లో జాతీయ ట్రాకోమా కార్యక్రమం మొదలైంది. 2024 అక్టోబరులో, ట్రాకోమా ఇక ఇండియాలో ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఇందులో మందు ఎంత పనిచేసిందో నీళ్ళూ అంత పనిచేశాయి. పిల్లల ముఖం కడగడానికి నీళ్ళు లేనిచోటనే ఈ జబ్బు కాపురం పెట్టేది. దీనివల్ల చూపు పోయే ఆడవాళ్ళు మగవాళ్ళకంటే నాలుగింతల దాకా ఉంటారని ఆ సంస్థే చెబుతుంది. కారణం వెతకనక్కర్లేదు. పుసికళ్ళ పిల్లల్ని ఎత్తుకున్నదెవరు, ఆ ముఖాలు తుడిచిందెవరు? చిన్నప్పుడెప్పుడో అంటుకున్న జబ్బు అరవయ్యేళ్ళకు వెంట్రుకై గుచ్చుకోవచ్చు. అలాంటి పెద్దమ్మ ఎవరైనా చిమటా పట్టుకుని వెంట్రుకలు పీకించుకుంటుంటే, ఆపరేషను ఉందని చెప్పండి.

చివరగా ఎండిపోయే కన్ను. స్వీడన్‌లో హెన్రిక్ షోగ్రెన్ అనే కంటి డాక్టరు 19 మంది ఆడవాళ్ళను పరీక్షించాడు. కళ్ళలో ఇసుక పోసినట్టుందనేవారు, చాలామందికి నోరెండిపోయేది, కీళ్ళ నొప్పులు. జర్మనీ వైద్యుడు షిర్మర్ 1903లో చెప్పిన కాగితపు పట్టీని రెప్పకు తగిలిస్తే, అయిదు నిమిషాలకు కూడా సరిగ్గా తడవలేదు. ఇవి వేరువేరు రోగాలు కావు, శరీరమే తన గ్రంథుల్ని తాను పాడుచేసుకునే జబ్బుకు గుర్తులు. 1933లో షోగ్రెన్ దీనిమీద పరిశోధన గ్రంథం సమర్పిస్తే, పరీక్షకులు తగినన్ని మార్కులు వేయలేదు. ఆయనకు విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవి దక్కకుండా పోయింది. 1943లో ఆ గ్రంథం ఇంగ్లీషులోకి వచ్చాక గాని ప్రపంచం పట్టించుకోలేదు. ఇప్పుడా జబ్బును ఆయన పేరుతోనే పిలుస్తారు. మనవాళ్ళు కళ్ళ మంట కంటి డాక్టరుకూ, నోరెండటం పళ్ళ డాక్టరుకూ, కీళ్ళ నొప్పులు మరొకరికీ చెబుతుంటారు. మూడూ ఉంటే ముగ్గురికీ మూడూ చెప్పండి.