గృహోపకరణాల మార్పిడి, వారంటీ: సూరత్‌లో వినియోగదారుల హక్కులు

కొన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, ఏసీ లాంటివి లోపంతో వచ్చినా, కొద్దికాలానికే మొరాయించినా వాటి బదులు మరొకటి అడిగే హక్కుకు మన దేశంలో మూడు ఆధారాలున్నాయి: వినియోగదారుల రక్షణ చట్టం-2019, వస్తు విక్రయ చట్టం-1930, కంపెనీ ఇచ్చే వారంటీ కార్డు. మొదటి రెండూ దేశమంతటా ఒకటే. మూడోది కంపెనీకో తీరుగా ఉంటుంది. తగాదాలు ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే మొదలవుతాయి. కార్డులో రాసిందే చట్టమని కొన్నవారూ అనుకుంటారు, చాలాసార్లు అమ్మినవారూ అనుకుంటారు.

వస్తువు మార్చి ఇచ్చాక ఇంకో చిక్కు మొదలవుతుంది. చట్టం కొత్త వస్తువు ఇప్పించగలదు గానీ, దానికి వారంటీ ఏ రోజు నుంచి లెక్కించాలో మాత్రం చెప్పలేదు.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలు

గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాల మీద పనికి తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి కుటుంబాలకు ఊళ్లు రెండు, సామాను మాత్రం ఒకటే. కూతురి పెళ్లికి వరంగల్‌లో కొన్న ఫ్రిజ్ పెళ్లి సామానుతో పాటు సూరత్ చేరుతుంది. సూరత్‌లో కొన్న టీవీ, కొడుకు కొత్తది తీసుకున్నాక, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి వెళ్తుంది. బిల్లు తండ్రి పేరు మీద, వస్తువు కూతురి ఇంట్లో, దుకాణం మరో రాష్ట్రంలో. ఇప్పుడు ఫ్రిజ్ పాడైతే ఎవరు, ఎక్కడ అడగాలి?

1986 నాటి పాత చట్టం కింద, అమ్మినవారు వ్యాపారం చేసే చోటో, వివాదానికి కారణం పుట్టిన చోటో ఫిర్యాదు వేయాల్సి వచ్చేది. మగ్గం పని మానుకుని వరంగల్ వినియోగదారుల ఫోరం చుట్టూ తిరగగలిగేవారు ఎందరుంటారు? 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షన్ దీన్ని మార్చింది. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకుని బతికే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ (పాత ఫోరానికి కొత్త పేరు) ఫిర్యాదు చేయవచ్చు. పైగా చట్టం దృష్టిలో వినియోగదారు అంటే డబ్బు కట్టినవారే కాదు, వారి సమ్మతితో ఆ వస్తువును వాడుతున్నవారు కూడా. కాబట్టి తండ్రి కొనిచ్చిన ఫ్రిజ్ మీద కూతురు సూరత్ జిల్లా కమిషన్‌లో తన పేరుతోనే ఫిర్యాదు వేయవచ్చు. వలస కుటుంబాలకు ఈ చట్టం చేసిన పెద్ద మేలు ఇదే. ప్రచారానికి నోచుకోనిదీ ఇదే.

గ్యారంటీ, వారంటీ: బజారు అర్థం, చట్టం అర్థం

దుకాణాల్లో వాడుక సులువైనది. గ్యారంటీ ఉంటే మార్చి ఇస్తారు, వారంటీ ఉంటే బాగుచేసి ఇస్తారు. చట్టంలో ఈ తేడా కనబడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్‌లో గ్యారంటీ అంటే ఒకరి బాకీకి మరొకరు పడే పూచీ. వస్తు విక్రయ చట్టంలో వారంటీ అంటే ఒప్పందంలో ఒక అనుబంధ షరతు మాత్రమే. అది తప్పితే నష్టపరిహారం అడగవచ్చు గానీ, వస్తువును తిప్పి ఇచ్చే హక్కు రాదు. తిప్పి ఇవ్వాలంటే అసలు షరతే తప్పి ఉండాలి. ఏ అవసరానికి కొంటున్నారో చెప్పి, అమ్మేవాడి తెలివిడిని నమ్మి కొన్నప్పుడు ఆ వస్తువు ఆ పనికి పనికిరావాలన్నది అలాంటి షరతే అని 16వ సెక్షన్ చెబుతుంది. పేరున్న బ్రాండును పేరు చెప్పి అడిగి కొన్నవారికి ఈ సెక్షన్ అంతగా అక్కరకు రాకపోవచ్చు.

బజారు అర్థం స్పష్టంగా కనిపించేది ఇన్వర్టర్ బ్యాటరీల దగ్గర. 36 నెలల గ్యారంటీ, ఆపైన 24 నెలల ప్రోరేటా వారంటీ అని ఉందనుకుందాం. మొదటి మూడేళ్లలో చెడితే ఊరికే మార్చి ఇస్తారు. తర్వాతి రెండేళ్లలో చెడితే కొత్త బ్యాటరీ ధరలో కొంత తగ్గిస్తారు, అంతే. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో మెరిసే ‘కంప్రెసర్‌కు 10 ఏళ్లు’ స్టిక్కర్ సంగతీ ఇలాంటిదే. ఆ పదేళ్లు కంప్రెసర్ ఒక్కదానికే, మొత్తం ఫ్రిజ్‌కు తరచుగా ఏడాదే. ఏడాది దాటాక కంప్రెసర్ ఉచితంగా వచ్చినా గ్యాస్ నింపినందుకు, మెకానిక్ వచ్చినందుకు బిల్లు వేస్తారు.

ఎప్పుడు మార్చి ఇవ్వాలి

లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం 2(47) సెక్షన్ అంటుంది. సూరత్ దుకాణాల్లో బిల్లు అడుగున ‘వేచేలో మాల్ పాఛో లేవామా ఆవ్‌శే నహీ’ అని కనిపిస్తే, అది మన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’కు గుజరాతీ రూపం. రంగు నచ్చలేదనో, ధర ఎక్కువైందనో తిప్పి ఇవ్వబోయేవారికి ఆ మాట చెల్లుతుంది. లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలూ తోడున్నాయి. వాటి ప్రకారం లోపమున్న, నకిలీ అయిన, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు.

నెలలు గడిచాక కథ మారుతుంది. కంపెనీ మరమ్మతే చేస్తానంటుంది, కొన్నవారు మార్చమంటారు. 2006లో మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైనప్పుడు మొత్తం కారును మార్చమనడం కుదరదని చెప్పింది. ఇది కారు కేసే అయినా ఉపకరణాల వివాదాల్లోనూ కంపెనీల వాదన ఇదే దారిలో నడుస్తుంది. దానికి ఎదురు నిలిచేది జాబ్‌షీట్ల కట్ట. ఒకే లోపానికి మెకానిక్ నాలుగుసార్లు వచ్చాడని చూపే నాలుగు కాగితాలు, మరమ్మతుతో అది పోయేది కాదని చెప్పకనే చెబుతాయి. మెకానిక్ ఫోన్‌లో కాల్ మూసేసి, కాగితం ఇవ్వకుండా వెళ్లడం ఈమధ్య మామూలైంది. కాల్ నంబరున్న మెసేజీనైనా చెరిపేయకుండా దాచాలి.

లోపం రుజువైతే 2019 చట్టం 39వ సెక్షన్ కింద కమిషన్ ఆ లోపాన్ని సరిచేయించవచ్చు, ధర వడ్డీతో తిరిగి ఇప్పించవచ్చు, పరిహారం ఇప్పించవచ్చు. వస్తువు మార్పు గురించి చట్టం అనేది: అదే రకానికి చెందిన, ఏ లోపమూ లేని కొత్త వస్తువు. ఇందులో ‘కొత్త’ అన్న మాటకు బరువెక్కువ. కొన్ని వారంటీ కార్డులు బాగుచేసిన పాత వస్తువును బదులుగా ఇచ్చే హక్కును కంపెనీకే అట్టిపెడతాయి. వ్యవహారం కమిషన్ ఉత్తర్వు దాకా వెళ్తే ఆ పప్పులు ఉడకవు. దుకాణందారు కంపెనీ మీదికి, కంపెనీ దుకాణందారు మీదికి నెట్టుకోవడమూ పాత ఆటే. అందుకే అనుభవమున్నవారు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు రాస్తారు.

కొత్త వస్తువు, పాత గడువు

2024 అక్టోబరు 29, ధన్‌తేరస్ నాడు రెండేళ్ల వారంటీతో ఒక వాషింగ్ మెషీన్ కొన్నారనుకుందాం. గడువు 2026 అక్టోబరు 28తో తీరుతుంది. మధ్యలో మూడుసార్లు మరమ్మతు చేసి, విసిగి, 2026 జూన్ చివర్లో కంపెనీ కొత్త మెషీన్ పంపింది. దానికి వారంటీ రెండేళ్లా, నాలుగు నెలలా? కార్డులు ఇక్కడ సాధారణంగా ఒకే మాట చెబుతాయి: మార్చిన వస్తువుకు, భాగానికి మొదటి వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది. అంటే నాలుగు నెలలు. మరమ్మతు కోసం సర్వీస్ సెంటర్లో పడి ఉన్న రోజులను కూడా కార్డు తనంతట తాను తిరిగి కలపదు.

అన్ని దేశాల్లోనూ ఇలా లేదు. పోలండ్ సివిల్ కోడ్ 581వ అధికరణం ప్రకారం లోపమున్నదాని బదులు మంచి వస్తువు ఇచ్చినా, గణనీయమైన మరమ్మతు చేసినా గ్యారంటీ గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశం, మార్పు బదులు మరమ్మతును ఎంచుకున్నవారికి అమ్మకందారు బాధ్యతను 12 నెలలు పొడిగించింది. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2024లో గృహోపకరణాల కంపెనీలతో సమావేశమై, వారంటీని కొన్న రోజు నుంచి కాక ఇంట్లో బిగించిన రోజు నుంచి లెక్కించాలని కోరింది. కోరడం మంచిదే. చట్టంలో రాసి ఉంటే ఇంకా మంచిది.

అయితే కార్డు గడువు తీరడం, హక్కు తీరడం ఒకటి కావు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన కాలం, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మార్చి ఇచ్చిన మెషీన్‌లోనూ తయారీ లోపమే ఉందని చూపగలిగితే, కార్డు ఖాళీ అయిందన్న ఒక్క కారణంతో కమిషన్ తలుపు మూసుకోదు. రుజువు చేయడం మాత్రం కష్టమే. చూడగానే తేలని లోపమైతే 38వ సెక్షన్ కింద కమిషన్ వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో రావాలి, పరీక్ష రుసుము ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి.

వరద, కరెంటు

సూరత్‌కు ప్రత్యేకమైన చిక్కు నీళ్లు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. ఇప్పటికీ గట్టి వానలకు ఖాడీలు, అంటే అక్కడి వాగులు, పొంగి లింబాయత్ వైపు ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. నీట మునిగిన ఫ్రిజ్‌కు వారంటీ వర్తించదు. ప్రకృతి వైపరీత్యం తయారీ లోపం కాదు. దానికి దిక్కు గృహబీమా ఒక్కటే. వోల్టేజీ హెచ్చుతగ్గులనూ కార్డులు మినహాయిస్తాయి. నగరానికి కరెంటు ఇచ్చేది టొరెంట్ పవర్, దక్షిణ్ గుజరాత్ విజ్ కంపెనీ. విద్యుత్ సరఫరా కూడా చట్టం ప్రకారం ‘సేవ’ కనుక, సరఫరా లోపం వల్లే వస్తువు కాలిందని తేలితే ఫిర్యాదు అటువైపు తిప్పవచ్చు. మెకానిక్ జాబ్‌షీట్‌లో ‘వోల్టేజీ’ అని ఒక్క ముక్క రాసిపోతే వారంటీ పోయినట్టే. సంతకం పెట్టే ముందు ఆ గడి చదవాలి.

ఇంటి వాడకమా, వ్యాపారమా

వ్యాపారానికి కొన్నవారు వినియోగదారులు కారు. సూరత్‌లో ఇది చిన్న విషయం కాదు, చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం లాంటి పనులు అక్కడ ఇళ్లలోనే సాగుతాయి. కుట్టుమెషీన్ ఇంటిదా, వ్యాపారానిదా? సొంత శ్రమతో బతుకుతెరువు కోసమే వాడితే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: తానే నడుపుకుని బతకడానికి ఆటో కొన్నవాడూ, తానే పనిచేసుకోవడానికి లేత్ మెషీన్ కొన్నవాడూ వినియోగదారులే. ఇరవై మెషీన్లు పెట్టి జీతగాళ్లతో నడిపేవారికి ఈ వెసులుబాటు దొరకడం కష్టం.

ఫిర్యాదు దారి

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగు సహా 17 భాషల్లో మాట్లాడవచ్చు. కంపెనీతో రాజీ కుదర్చడమే దీని పని, తీర్పు ఇవ్వదు. కుదరకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉన్న కేసులు అక్కడికే వస్తాయి, రూ.5 లక్షల వరకు రుసుము లేదు. అంటే ఇంట్లో వాడే ఏ వస్తువుకైనా దాదాపు ఉచితమే. వకీలు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయవచ్చు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఓపిక కావాలి. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో అహ్మదాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

వీటన్నిటికీ మూలం పక్కా బిల్లు. రూ.20,000 ఫ్రిజ్ మీద 18 శాతం జీఎస్టీ రూ.3,600. ఆ మొత్తం మిగులుతుందని కచ్చా చీటీ మీద కొనేవారు సూరత్‌లోనూ ఉన్నారు, సిరిసిల్లలోనూ ఉన్నారు. చీటీలో సీరియల్ నంబరు ఉండదు, కొన్నట్టు రుజువూ మిగలదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే.

మార్చే రోజు

కంపెనీ మనుషులు కొత్త మెషీన్ దించి, పాతదాన్ని వ్యానెక్కిస్తారు. పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో ఉన్న బిల్లు మీద మాత్రం పాత మెషీన్ సీరియల్ నంబరే మిగులుతుంది. ఆరు నెలల తర్వాత కొత్తది చెడితే సర్వీస్ సెంటర్‌వారు వెనక స్టిక్కర్ చూసి, ఈ నంబరు మీ బిల్లులో లేదే అంటారు. పాత, కొత్త నంబర్లు రెండూ, మార్చిన తేదీ, వారంటీ ఎప్పటివరకో రాసిన కాగితం ఆ రోజే తీసుకోండి, ఈమెయిల్ అయినా చాలు. అది చేతికి వచ్చేదాకా పాత మెషీన్‌ను గడప దాటనివ్వకండి.