రొక్కం లెక్క, నోటు పరీక్ష

తెలుగునాట చిల్లర కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు సొమ్ము లెక్కించడమే కాదు, ఆ సొమ్ము మంచిదో కాదో కూడా తేల్చుకోవలసి వచ్చేది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ నిర్ణయించిన ఏకరీతి రూపాయి 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం తూగేది. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. బరువూ వెండీ ఇంత ఖాయంగా ఉండడం వల్లనే షరాబు, అంటే నాణేలను పరీక్షించి మారకం చేసే వృత్తివాడు, రూపాయిని రాతి మీద మోగించి, అంచు అరిగిందా, ఎవరైనా గీకారా అని తడిమి చూసి చెల్లుబాటు తేల్చేవాడు.

హైదరాబాదు సంస్థానంలో ఈ పని మరింత చిక్కైనది. అక్కడ హాలీ అనే సొంత నాణేలు, 1918 నుంచి సొంత కాగితపు నోట్లు చెలామణిలో ఉండగా, ఏడు హాలీ రూపాయలకు సుమారు ఆరు బ్రిటిషు రూపాయలు వచ్చేవి కనుక, సరిహద్దుకు రెండువైపులా సరుకు నడిపే వర్తకుడు ప్రతి బేరంలోనూ మారకం కట్టుకోవలసిందే. దానికి తోడు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అనే లెక్క 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేదాకా సాగింది.

కాగితపు నోటుకు మోత లేదు. దాన్ని వెలుతురుకు ఎత్తి నీటిగుర్తును, భద్రతా దారాన్ని చూడాలి. వ్యాపారం పెరిగి నోట్లు వందేసి చొప్పున కట్టలుగా చేరినకొద్దీ పరీక్ష వెనకబడి లెక్కింపే పెద్ద పని అయింది. బ్యాంకు గుమాస్తా తడి స్పాంజికి వేలు అద్దుకుంటూ, ఎడమచేత మడిచి పట్టిన కట్టను బొటనవేలితో చకచకా తిప్పేవాడు. ఆ కట్టలకు స్టేపుల్ పిన్నులు కొట్టడం వల్ల నోట్లు చిల్లులు పడి త్వరగా చినిగిపోయేవి. పిన్నులు మాని కాగితపు పట్టీలు చుట్టాలని 2001 నవంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పిన్నున్న కట్ట యంత్రపు రోలర్లలోకి పోదు కాబట్టి, లెక్కింపు యంత్రానికి దారి సుగమం చేయడంలో ఈ చిన్న ఆదేశానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదనే చెప్పాలి.

2016 నవంబరు 8న పాత ఐదువందలు, వేయి నోట్లు రద్దయ్యాక యంత్రాలకూ కొత్త పాఠం అవసరమైంది. పాత ఐదువందల నోటు పొడవు 167 మిల్లీమీటర్లు కాగా కొత్తది 150. 2017లో వచ్చిన రెండువందల నోటు 146. వెడల్పులో ఈ రెండు కొత్త నోట్లూ సమానమే కనుక వాటి మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్ల పొడవే. సైజును బట్టి మాత్రమే నోటును గుర్తించే యంత్రానికి ఇది గట్టి పరీక్ష.

అసలు నోటు పత్తి కాగితం కనుక అతినీలలోహిత కాంతిలో మెరవదు. మామూలు తెల్లకాగితం నీలంగా వెలుగుతుంది. షరాబు చెవితో చేసిన పనిని యంత్రం ఈ కాంతితోనూ, అయస్కాంత, పరారుణ సెన్సార్లతోనూ చేస్తుంది. చౌకరకం యంత్రాలు ఎన్ని నోట్లో మాత్రమే చెబుతాయి. విలువను కూడా చదివేవి ఖరీదైనవి. చిన్న కొట్టు గల్లాలో పది నుంచి ఐదువందల దాకా అన్నీ కలిసే ఉంటాయి కనుక, మొదటి రకం కొన్న వ్యాపారి నోట్లను ముందుగా చేత్తో వేరుచేయక తప్పదు. అయినా నిమిషానికి వేయి నోట్ల వేగం ఆ గల్లాకు అక్కరలేదు. డబ్బు పెట్టవలసింది నకిలీని పట్టే శక్తి మీదే, ఎందుకంటే బ్యాంకు దొంగనోటును స్వాధీనం చేసుకుంటుందే గాని దానికి బదులు పైసా ఇవ్వదు.