మల్లీశ్వరిని మోసుకుపోయిన పల్లకీ

పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' 1951 డిసెంబరులో విడుదలైంది. దాన్ని ప్రేమకూ రాచరికానికీ జరిగిన పోరుగా చెప్పుకోవడం మనకు అలవాటు. అది సగం నిజమే. ప్రేమించుకున్న మల్లినీ నాగరాజునూ విడదీసింది రాజు దుర్బుద్ధి కాదు. నాగరాజు వయసు వేడిలో నోరు జారిన మాట ఒకటి, ఆ మాటకు తలుపు తెరిచి ఉంచిన రాణివాసపు ఆచారం ఒకటి. వానకు తలదాచుకున్న చోట మల్లి ఆడి పాడింది. మారువేషంలో ఉండి చూసిన శ్రీకృష్ణదేవరాయలతో, బాటసారి అనుకుని, నాగరాజు రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండని సరదాకు అన్నాడు. పల్లకీ నిజంగానే వచ్చింది. కుర్రతనం విషాదానికి దారితీసిన మరో ఉదంతంతో దీన్ని పోల్చి చూడండి. 1927లో బెర్లిన్ స్టెగ్లిట్జ్‌లో గుంటర్ షెల్లర్ అనే కుర్రాడు తన స్నేహితుణ్ణి కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. 2004లో దాన్నే జర్మన్లు సినిమాగా తీశారు. అక్కడ కుర్రతనానికి అసూయ తోడై ప్రాణాలు తీసింది. మల్లీశ్వరిలో అసూయపడే మనిషే లేడు, అయినా కథ ప్రాణాపాయం దాకా వెళ్లింది. అసూయ చేయవలసిన పనిని ఇక్కడ కట్టుబాటు చేసింది.

ఇది కవుల కల్పన కదా, చరిత్ర ఎలా అవుతుందని అడగవచ్చు. కథ కల్పనే, బుచ్చిబాబు నాటకం దానికి ఒక ఆధారం. కట్టుబాటు మాత్రం కల్పన కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాణుల ఇళ్లలోకి నపుంసక కావలివాళ్లు తప్ప మగవాడు అడుగుపెట్టడని, రాణులు బయటికి వస్తే నలువైపులా మూసిన పల్లకీల్లోనే వస్తారని రాశాడు. పల్లె జనానికి గౌరవంగా కనబడిన ఆ పల్లకీయే లోపల కూర్చున్న పిల్లకు చెర. మల్లి తల్లి నాగమ్మ ఆశ లేకపోతే ఇంత జరిగేదా అంటే, ఆశకు పల్లకీ ఎక్కించే శక్తి లేదు. ఆ శక్తి కోటది.

రాయలను కరుణామూర్తిగా చూపి దర్శకుడు కోట నేరాన్ని కడిగేశాడన్న ఆక్షేపణ బరువైనది. అయితే దర్శకుడు పుట్టిన రాయలసీమలో రాయలు పరాయి రాజు కాడు. జమ్మలమడుగు పక్కన గండికోట నేలిన పెమ్మసాని నాయకులు ఆయన కొలువువాళ్లు. ప్రొద్దుటూరులో పాఠాలు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులు విజయనగర సామ్రాజ్య వైభవాన్ని తలచుకుని 'పెనుగొండలక్ష్మి' రాశాడు. దత్తమండలానికి 1928లో నంద్యాల సభ రాయలసీమ అని పేరు పెట్టేనాటికి బి.ఎన్. రెడ్డి ఇరవయ్యేళ్ల యువకుడు. అంత అభిమానం ఉన్న నేలమీద పుట్టి కూడా, ఆ ప్రేమికుల కష్టాన్ని ఏ దుర్మార్గపు మంత్రి నెత్తినో రుద్దకుండా రాయల సొంత అంతఃపురం ముంగిట పెట్టాడాయన. చివరికి రాజు క్షమించింది ఇద్దరినే. మూసిన పల్లకీలో వచ్చిన మిగతావాళ్లకు అలాంటి విడుదల దొరికిందని సినిమా ఎక్కడా చెప్పలేదు.