లైనుకు ఎంత దూరం?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టులో మా ఊరివాళ్లు గుంపుగా ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. వాళ్లందరికీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు బడిపంతులు. అలాంటి ఊళ్లో, వేలమంది కూర్చుని చూసేలా ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం ఇవాళ్టికీ లేదు. ఫుట్‌బాల్ ఆడే పెద్దవి రెండున్నాయి. ఒకటి క్రికెట్‌ను చూసుకుని పెరిగింది. రెండోది అథ్లెటిక్స్ కోసం పుట్టింది. ఫుట్‌బాల్ రెండింట్లోనూ అద్దెకున్నట్టే ఉంది.

నేను సికింద్రాబాదు వైపు బడుల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. స్టేడియం బాగుచేస్తున్నారని పేపర్లో వార్త పడినప్పుడల్లా కొత్త గ్యాలరీలు, రంగురంగుల కుర్చీలు, ఫ్లడ్‌లైట్లు అని చదువుతాను. కావలసినవే. కానీ నేను ముందు అడిగేది ఒకటే: ఆ కుర్చీ టచ్‌లైన్‌కు ఎంత దూరంలో ఉంది?

ఎందుకు అడుగుతానో చెప్పాలంటే ఈ ఊళ్లో ఆట ఎక్కడ పెరిగిందో చెప్పాలి. ఫుట్‌బాల్ మాకు కంటోన్మెంటు దారిన వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం వైపు పల్టన్ల గ్రౌండ్లు ఉండేవి. సిపాయిలు ఆడేవారు, చుట్టుపక్కల బస్తీల పిల్లలు చూసేవారు, వాళ్లు వెళ్లిపోయాక అదే గ్రౌండులో ఉత్త కాళ్లతో ఆడేవారు. గ్యాలరీ అన్న మాటే లేదు. సున్నం గీత, గీత అవతల జనం. పెద్దవాళ్లు నిలబడేవారు, పిల్లలం ముందు గొంతుక్కూర్చునేవాళ్లం. వింగులో ఆడేవాడు పరుగెత్తుకొస్తే మేం మోకాళ్లు వెనక్కి లాక్కోవాల్సి వచ్చేది. బూటు కింది మేకులు మట్టిని గీరే చప్పుడు, వానలో నానిన తోలు బంతిని తన్నితే వచ్చే బరువైన మోత, హాఫ్‌బ్యాక్ వెనక నుంచి ‘ఛోడ్ దే’ అని అరిచే అరుపు. అంత దగ్గర నిలబడ్డవాడికి ఆట కనిపించడమే కాదు, వినిపిస్తుంది కూడా. బంతి అందక ముందే ఆటగాడు తల తిప్పి ఎటు చూశాడో, ఏ కాలి మీద బరువు వేశాడో కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్లు లేని రోజుల్లో మా పిల్లలు ఆట నేర్చుకున్నది అలాగే.

రహీం సాబ్ 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీసు టీముకు కోచ్. ఆ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి ఆయన టోర్నమెంట్లు నడిపారు, చేతకాని కాలితోనే ఆడాలని మరికొన్ని. ఎడమ కాలితో మాత్రమే ఆడుతున్న కుడికాలి కుర్రాణ్ణి అరవై గజాల అవతల నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు, తడబడుతున్నాడనిపిస్తుందంతే. గీత పక్క నుంచి చూస్తే అదొక పాఠం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చాక, మరుసటి ఏడాది జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. ఆసియా ఆటల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇక ఫతే మైదాన్. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సేన దిగిన చోటు అదని, గెలిచాక ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడారు. 1955లో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగింది, పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అదే. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. కాంక్రీటు మెట్లు చుట్టూ లేచాయి, గ్యాలరీ గోడ బయటి వైపు ఆటసామాన్ల దుకాణాలు వెలిశాయి. మా బడికి బంతులు, నెట్లు కొనడానికి అక్కడికే వెళ్లేవాణ్ణి. ఎన్టీఆర్ 1983లో, వైఎస్ 2004లో, రేవంత్ రెడ్డి 2023లో ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఆ స్టేడియంలోనే. ఊరంతా చేరడానికి నడిబొడ్డున ఉన్న చోటు కాబట్టి అన్నిటికీ అదే దిక్కయింది.

అయితే ఆ మెట్లు క్రికెట్ గుండ్రానికి కట్టినవి. క్రికెట్‌లో బౌండరీ పిచ్ నుంచి అరవై, డెబ్బై మీటర్లు ఉంటుంది. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 68 మీటర్లు, అంటే నడిమి నుంచి టచ్‌లైన్‌కు 34. గుండ్రంలో దీర్ఘచతురస్రం పరిస్తే రెండు పక్కలా ఇంచుమించు ముప్పై మీటర్ల ఖాళీ గడ్డి మిగులుతుంది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛెత్రీ గోలు కొట్టి మనల్ని గెలిపించింది ఈ స్టేడియంలోనే. వానలకు గ్రౌండు పాడై ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ గెలిచి ఆసియా కప్పుకు వెళ్లాం. ఫైనల్ మా ఊళ్లో జరగాల్సిందన్న బాధ నాకు ఇంకా ఉంది.

గచ్చిబౌలిది వేరే కథ. 2002 జాతీయ క్రీడలు, ఆ మరుసటి ఏడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు మన ఊరికి వచ్చినప్పుడు కట్టిన స్టేడియం అది. జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. దాదాపు ముప్పై వేల మంది పడతారు. మంచి స్టేడియమే, నా పిల్లలు అక్కడ పరుగెత్తారు. కానీ అది పరుగెత్తడానికి కట్టిన స్టేడియం.

ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి, నా ఉద్యోగమంతా చేసిన లెక్క ఇది. స్కూల్ స్పోర్ట్స్‌కు ట్రాకు వేసేటప్పుడు రెండు మేకులు కొడతాం, స్టీలు టేపు లాగుతాం, దాని వెంట సున్నం పోస్తాం. ప్రామాణిక నాలుగొందల మీటర్ల ట్రాకులో తిన్నని భాగం 84.39 మీటర్లు, వంపు వ్యాసార్ధం 36.5. అంటే లోపలి గడ్డి పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 157 మీటర్ల పైచిలుకు. అందులో 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం పరిస్తే ఒక్కో గోలు వెనక 26 మీటర్లు మిగులుతుంది. ఆ తర్వాత ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు, కలిపితే పది మీటర్లకు కొంచెం తక్కువ. గోలు వెనక మొదటి వరుసలో కూర్చున్నవాడు కూడా గోలుకు 36 మీటర్ల అవతల ఉంటాడు. మైదానంలో మూడో వంతు పొడవు అది. పెనాల్టీ కొట్టేవాడు గోలుకు 11 మీటర్ల దూరంలో నిలబడతాడు, దుడ్డు పెట్టి టికెట్టు కొన్నవాడు దానికి మూడింతల వెనక. ఇంకా కంచె, కాలవ, దారి కలిపితే ఎంతవుతుందో చూడండి.

ఇక కుర్చీల మాటకు వస్తే, జనాన్ని కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆటలో నెత్తురు చిందాకే బలపడింది. గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో 1902లో స్కాట్లండ్-ఇంగ్లండ్ మ్యాచ్ నాడు చెక్క గ్యాలరీ విరిగి 25 మంది చనిపోయారు. దాన్ని డిజైన్ చేసిన ఆర్చిబాల్డ్ లీచ్ ఆ తర్వాత బ్రిటన్‌లో ఎన్నో స్టేడియాలకు గట్టి స్టాండ్లు కట్టాడు. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండు తగలబడి 56 మంది పోయారు. 1989లో హిల్స్‌బరో తొక్కిడిలో 97 మంది. మరుసటి ఏడు జస్టిస్ టేలర్ ఇచ్చిన నివేదికతో పెద్ద క్లబ్బుల స్టేడియాల్లో నిలబడి చూసే టెర్రస్‌లు పోయి అంతటా కుర్చీలు వచ్చాయి.

మన కలకత్తాలో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ జరిగింది. రెండు జట్ల అభిమానులూ ఒకే గ్యాలరీలో ఉన్నారు. గొడవలో, తొక్కిడిలో 16 మంది ప్రాణాలు పోయాయి. నాలుగేళ్లకు సాల్ట్ లేక్ స్టేడియం తెరిచారు. అందులో 1997లో అదే రెండు జట్ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ చేశాడు. 2017లో అండర్-17 ప్రపంచకప్ కోసం అక్కడ బకెట్ సీట్లు బిగించారు. ఆ ఫైనల్ చూసినవాళ్లు 67 వేల లోపే. నేను లక్ష మంది రోజులే బాగుండేవని అనను. మ్యాచ్‌కు వెళ్లిన కొడుకు ఇంటికి తిరిగి రాని తల్లిని తలచుకుంటే ఆ మాట నోటికి రాదు. కుర్చీలు రావాల్సిందే.

కుర్చీతో ఏం మారుతుందంటే, మెట్టు మీద మనిషికి ఒకటిన్నర అడుగు చోటిచ్చి జరుగుతూ జరుగుతూ కూర్చుంటాం. ఎదురుగా ఇంకొకడు వస్తే వాడికీ దొరుకుతుంది. బకెట్ సీటుకు అర మీటరు ఇచ్చి నంబరు వేస్తారు, ఇక జరగడం లేదు. పది మీటర్ల మెట్టు మీద ఇరవై రెండు మంది పట్టేచోట ఇరవై మందే. దగ్గరకెళ్లి చూస్తే ఆ సీటు నడుమ చిన్న చిల్లు ఉంటుంది, వాననీళ్లు పోవడానికి. ఆ చిల్లులో వేరుశనగ పొట్టు ఇరుక్కుంటే చాలు, జూలైలో గిన్నెలా నీళ్లు నిలుస్తాయి. తూర్పు గ్యాలరీలో సాయంత్రపు ఎండ సూటిగా మొహానికి కొడుతుంది. ఆ ఎండకు ప్లాస్టిక్ రంగు పాలిపోయి, చెయ్యి రాస్తే తెల్లపొడి అంటుకుంటుంది. కప్పు మాత్రం పడమటి వైపు, వీఐపీల నెత్తిన. కొత్త సీట్ల డబ్బులో కొంత తూర్పు కప్పుకు పెట్టండని నేను అడుగుతూనే ఉన్నాను.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. పాత మెట్ల మీద కొత్త కుర్చీ బిగించినంత మాత్రాన ఆట దగ్గరకు రాదు. ముందువాడి తల మీదుగా దగ్గరి టచ్‌లైన్ కనబడాలి, అదే స్టాండు కట్టేవాళ్ల లెక్క. మన చూపు ముందువాడి కంటికి తొమ్మిది, వీలైతే పన్నెండు సెంటీమీటర్ల పైనుంచి పోవాలి. లైనుకు దగ్గరగా కడితే మెట్లు నిలువుగా లేవాలి. దూరంగా కడితే వాలుగా ఉన్నా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. ట్రాకు అవతల వాలుగా కట్టిన గ్యాలరీని ముందుకు జరపలేం, జరిపినా ముందు వరుస తలలే కనిపిస్తాయి.

ఇటలీలో ట్యూరిన్ వాళ్లకు ఇది తెలిసొచ్చింది. 1990 ప్రపంచకప్‌కు ట్రాకుతో కలిపి 69 వేల సీట్ల స్టేడియం కట్టారు. ఆట కనపడటం లేదని జనం రాలేదు. చివరికి దాన్ని పడగొట్టి 2011లో అదే చోట 41 వేల సీట్లతో కొత్తది కట్టారు. మొదటి వరుసకూ మైదానానికీ మధ్య ఏడున్నర మీటర్లే. సీట్లు తగ్గాయి, గ్యాలరీలు నిండాయి.

మనకు జనం లేరని అనేవాళ్లకు నా జవాబు 2019 నవంబరు 2. ఇండియన్ సూపర్ లీగ్‌లో మన క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో జనం ముందు మొదటి మ్యాచ్ ఆడి కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది. ఆ తర్వాత కోవిడ్‌తో రెండు సీజన్ల ఆట గోవాకు పోయింది. 2022లో ఛాంపియన్ అయింది కూడా అక్కడే. సొంత గ్రౌండులో చూసుకునే భాగ్యం మనకు దక్కలేదు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. డబ్బు కారణాలు నాకు తెలుసు. కానీ వారంవారం వచ్చి కూర్చునే అలవాటు కుదరకపోతే క్లబ్బు ఏ ఊళ్లో నిలుస్తుంది? 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆట ఇక ముగుస్తుందనగా రోబీ హన్స్‌దా గోలుతో బెంగాల్ కేరళ మీద గెలిచింది. 1956-57లో, 1957-58లో వరుసగా హైదరాబాదు గెలిచిన కప్పు అది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతోనూ గెలిచాం.

నాకు కావలసింది ముప్పై వేల సీట్లు కాదు, పది వేలు చాలు. సికింద్రాబాదు వైపు, రైలు దిగి నడిచి వెళ్లగలిగే చోట. ట్రాకు వద్దు. రెండు పక్కలా నిలువు మెట్లతో స్టాండ్లు, రెండింటికీ కప్పు, టచ్‌లైన్ నుంచి మొదటి సీటుకు ఎనిమిది మీటర్లు మించకూడదు. గడ్డి కింద నీళ్లు పోయే ఏర్పాటు పక్కాగా ఉండాలి, ఫైనల్ మళ్లీ ఇంకో ఊరికి పోకుండా. తూర్పు స్టాండులో ముందు మూడు వరుసలు సర్కారు బడి పిల్లలకు వదిలేయాలి, టికెట్టు లేకుండా. వాళ్లను తీసుకొచ్చి కూర్చోబెట్టే పని మా పీఈటీలు చూసుకుంటారు.